పాత గద్వాల చీర అంచు పారేయకుండ్రి
చినిగిన గద్వాల చీరలుంటే స్టీలు గిన్నెలోళ్లకు ఇచ్చేయకుండ్రి, అసలైన పాత గద్వాల చీరకు ఒళ్లంత కాటన్, అంచూ కొంగూ పట్టు, అందుకే నడుమ బట్ట పాడైపోయినా అంచు మస్తు గట్టిగ ఉంటది. మా అమ్మమ్మ చీర గట్లనే ఉండె. కోసేటప్పుడు పట్టూ కాటనూ కలిసే జాయింటు మీద కత్తెర పెట్టొద్దు, ఇంచెడు కాటన్ వదిలి కోసి లోపలికి మలిచి కుట్టాలె, లేకుంటే పోగులు ఊడొస్తయి. ముందుగాల తడి తెల్లగుడ్డతోని అద్ది రంగు దిగుతుందా చూస్కోండ్రి. నేను అంచును తెల్ల కర్టెన్ల కింద కుట్టిన, మూరెడు కొంగు పాత ఫోటో ఫ్రేములో పెట్టి హాల్ల తగిలిచ్చిన, ఇంట్లకు రాంగనే అమ్మమ్మ యాదికొస్తది. ఎండ పడని గోడకే పెట్టుండ్రి, పట్టు రంగు వెలిసిపోతది.