తాతల నాటి ఫారిన్ వెండి బిళ్ల: తోమకుండ రేటు చూసుడు ఎట్ల

ముందుగాల ఒక్క మాట, నాణేన్ని తోమకండి. చింతపండు, విబూది, పళ్లపొడి ఏదీ వద్దు. మా ఇంట్ల 1889 నాటి విక్టోరియా రాణి క్రౌన్ (బ్రిటన్ పాత పెద్ద వెండి నాణెం) ఒకటి ఉండె, దీపావళికి ముందు అమ్మ వెండి గిన్నెలతోని పాటు దాన్ని గూడ చింతపండు పెట్టి పీచుతోని రుద్దేసింది, తళతళ మెరుస్తుంటే నేను సంబురంగ పాతబస్తీల ఒక దుకాణానికి పట్టుకపోయిన. ఆ శేఠ్ బల్బు కింద అటూ ఇటూ తిప్పి "కడిగిండ్రు గదా, వెండి రేటే వస్తది" అన్నడు.

ఎట్ల కనిపెట్టిండంటే, రుద్దిన నాణెం మీద వెంట్రుకల్లాంటి సన్న గీతలు ఒకే దిక్కు పోయి ఉంటయి. ముట్టని నాణేన్ని లైటు కింద మెల్లగ తిప్పితే మెరుపు బండిచక్రం ఆకుల లెక్క గుండ్రంగ తిరుగుతది, పాలిష్ చేసింది మాత్రం స్టీలు గ్లాసు లెక్క ఒక్కసారే మెరుస్తది. నల్లబడ్డా, నీలంగ ఊదాగ మారినా అది చెడిపోయినట్టు కాదు, కొనేటోళ్లకు ఆ రంగే ఇష్టం.

ఇగ తూకం. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా తెచ్చుకోండి, ఆన్‌లైన్‌ల దొరుకుతది. అమెరికా మోర్గాన్ డాలర్ 26.73 గ్రాములు, 90 శాతం వెండి. బ్రిటిష్ క్రౌన్ 28.28 గ్రాములు, 1919 దాకా 92.5 శాతం వెండి, 1920 నుంచి 1946 దాకా సగమే, 1947 నుంచి మామూలు చలామణి నాణేలల్ల వెండే లేదు. అరిగితే కొంచెం తగ్గుతది గని గ్రామున్నర రెండు గ్రాములు తేడా ఉంటే డౌట్ పడాలె. తూకాన్ని వెండి శాతంతోని, ఈరోజు గ్రాము రేటుతోని గుణిస్తే కనీస ధర వస్తది, దానికి తక్కువ అడిగితే లేచి వచ్చెయ్యండి. దుకాణమాయన తులం లెక్క చెప్తే 10 గ్రాముల తులమా పాత 11.66 గ్రాములదా అడగండి.

అయస్కాంతానికి అతుక్కుంటే వెండి కాదు. అతుక్కోకపోయినా వెండే అని గ్యారంటీ లేదు, జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, రాగి, నికెల్, జింక్ కలిపింది) గూడ మామూలుగ అతుక్కోదు. అందుకే నేను నీళ్ల టెస్టు చేస్త: కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి జీరో చేసి, నాణేన్ని దారం కట్టి అడుగు తగలకుండ మునిగేటట్టు వేలాడదీస్తే కాటా ఒక అంకె చూపిస్తది. నాణెం బరువును ఆ అంకెతోని భాగించండి, మంచి వెండి నాణేనికి 10కి పైన రావాలె, సగం వెండి క్రౌన్‌కు మాత్రం అంత రాదు. జర్మన్ సిల్వర్‌కు 9 గూడ దాటదు.

హైదరాబాద్‌ల ప్రత్యేకంగ చెప్పాల్సింది మరియా థెరిసా థాలర్ గురించి, అంటే ఆస్ట్రియా రాణి మరియా థెరిసా పేరు మీద వచ్చిన వెండి నాణెం. లావుపాటి రాణి బొమ్మ, వెనక రెండు తలల గద్ద. యెమెన్ దిక్కు మస్తు కాలం ఇదే పైసలు, మన బార్కస్ బస్తీల ఉండేటోళ్ల పెద్దలు నిజాం ఫౌజుల పనిచెయ్యడానికి అక్కడి హద్రమౌత్ నుంచే వచ్చిండ్రు, కాబట్టి ఇది పాతబస్తీల ఎవరింట్ల కనబడ్డా వింత లేదు. దాని మీద 1780 అని చూసి "రెండున్నర వందల ఏండ్లది" అని లక్షలు అడుగుతరు. ఆమె చనిపోయిన సంవత్సరం అది, ఆ తర్వాత ఎప్పుడు కొట్టినా అదే తేదీ వేసిండ్రు, వియన్నాల కొట్టిండ్రు, 1940-41ల మన బొంబాయిల గూడ కొట్టిండ్రు. 28.07 గ్రాములు, 83.3 శాతం, అంటే అసలు వెండి 23.4 గ్రాములు, చాలా వాటికి దాదాపు అదే ధర. అంచు చుట్టూ లాటిన్ అక్షరాలు ఉండాలె. పైన ఒకచోట గరుకుగ, రంగు తేడాగ ఉంటే అది హారంల కొక్కెం టంకం పెట్టి తీసేసిన మచ్చ, సేకరించేటోళ్లు అసొంటిదాన్ని పక్కన పెట్టేస్తరు.

అరుగుదల చూడాలంటే 10ఎక్స్ భూతద్దం పట్టుకొని ముందు ఎత్తుగ ఉన్న జాగలు చూడండి. మోర్గాన్ మీద చెవి పైన జుట్టు, వెనక గద్ద ఛాతీ ఈకలు. ఈకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు, మెరుపు గూడ ఉన్నదంటే అన్‌సర్క్యులేటెడ్ (చేతులు మారని నాణెం) గ్రేడు దగ్గర, జుట్టు పాయలు కలిసిపోయి నున్నగైతే ఫైన్, వెరీ ఫైన్ అనే కింది గ్రేడులంతే. ఇగ వెనక దండ కింద చిన్న అక్షరం ఉన్నదా చూడండి, అది టంకశాల గుర్తు. 1921ల మోర్గాన్లు 8 కోట్లకు పైన కొట్టిండ్రు, అదే 1893ల ఎస్ (శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల) గుర్తుది లక్షే, దాని రేటు వేరే లోకం. అందుకే వేరే నాణెం మీద ఎస్ అతికించి అమ్మేటోళ్లు గూడ ఉన్నరు, అసొంటి ఖరీదైంది నాణేలు పరీక్షించే అమెరికా కంపెనీలు పీసీజీఎస్, ఎన్‌జీసీ సర్టిఫై చేసి సీలు వేసిన డబ్బాల ఉంటే తప్ప కొనకండి.

నెట్‌ల రేటు చూసేటప్పుడు అడిగిన రేటు కాదు, అమ్ముడుపోయిన రేటు చూడాలె. ముందు కమిషన్ కట్టు, నీ పాత నాణేనికి లక్షలిస్తం అనే ఫోన్లు పక్కా మోసం, ఆర్‌బీఐ 2021లనే హెచ్చరించింది. వందేండ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని మనం సొంతంగ విదేశాలకు పంపొద్దు. దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లల్ల పెట్టకండి, కొన్నేండ్లకు ఆకుపచ్చ జిగురు పడుతది. గట్టి ప్లాస్టిక్ డబ్బీ మంచిది, పట్టుకునేటప్పుడు గూడ బొమ్మ మీద వేలు పెట్టకుండ అంచు పట్టుకోండి.