దసరాకు కారులో కొత్త స్పీకర్లా? ముందు ఇవి చూసుకోండి

పండగ దగ్గరపడితే అనంతపురం, కర్నూలు యాక్సెసరీస్ షాపుల్లో కార్లు బారులు తీరతాయి. ఆ తొందరలో మెకానిక్ వదిలేసేవి ఇవే.

ఆంప్లిఫయర్ వేయిస్తుంటే ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే, అడుగున్నర లోపు ఉండాలి. ఆంప్ దగ్గర మాత్రమే ఉంటే, దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు అది కాపాడదు. కారే కాలిపోవచ్చు. ఇంజన్ వైపు నుంచి వైరు లోపలికొచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (వైరు ఒరుసుకోకుండా అంచుకు తొడిగే రింగు) ఉందో లేదో వంగి మరీ చూడండి.

కంపెనీ వైర్లు కోయనివ్వకండి. మీ మోడల్‌కు సరిపడే కప్లర్ (వైర్లు కోయకుండా గుచ్చే కనెక్టర్) అడగండి. కోసి టేపు చుడితే వారంటీ గొడవ ఒకటి, మన సీమ ఎండలకు జిగురు కరిగి టేపు ఊడటం ఇంకొకటి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి. పసుపు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే వాట్లు ఉత్త గొప్పలు. ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా మోగినా నిలిచే అసలు వాట్లు, చూడండి. 4 ఓమ్‌ల స్టీరియోకు 2 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే స్టీరియో వేడెక్కి పోతుంది.

స్పీకర్ బిగించకముందే డోరు అద్దం పూర్తిగా దించి చూడండి, లోతు ఎక్కువైతే అయస్కాంతానికి తగులుతుంది.

డోరు లోపలి ప్లాస్టిక్ షీటు మళ్లీ అతికించారా? లేకపోతే వాన నీళ్లు లోపలికే.

అమెరికా నుంచి బంధువులు సిరియస్ ఎక్స్‌ఎం శాటిలైట్ రేడియో తెస్తామంటే వద్దనండి. ఆ ప్రసారాలు ఉత్తర అమెరికాకే. మన దేశంలో ఉన్న వరల్డ్‌స్పేస్ శాటిలైట్ రేడియో 2009 చివర్లోనే ఆగిపోయింది. ఆ డబ్బు మంచి ఎఫ్ఎం యాంటెన్నాకు పెట్టండి.