రిలీఫ్ పిచ్చర్ కెరీర్ పట్టికను చదవడం ఎలా?

బేస్‌బాల్‌లో బంతి వేసేవాడు పిచ్చర్; ఆట మధ్యలో అతని స్థానంలో దిగేవాడు రిలీఫ్ పిచ్చర్, అంటే రిలీవర్. అతని కెరీర్ పట్టిక తెరవగానే చాలామంది చూపు నేరుగా సేవ్‌ల (ఆధిక్యం కాపాడి గెలుపు ముగించిన లెక్క) గడి మీద పడుతుంది. అక్కడ మొదలుపెడితే సగం కెరీర్లను తప్పుగా చదువుతాం. ఆ గడిని చివరికి ఉంచుకోండి. ముందు మూడు అంకెలు చూడండి: ఆడిన ఆటలు, స్టార్ట్‌లు (తానే మొదలుపెట్టిన ఆటలు), వేసిన ఇన్నింగ్స్ (మూడు అవుట్లకు ఒకటి, మామూలుగా ఆటకు తొమ్మిది).

ఇన్నింగ్స్‌ను ఆటలతో భాగిస్తే ఆ ఏడాది అతని ఉద్యోగమేమిటో తెలిసిపోతుంది. 65 ఆటల్లో 62 ఇన్నింగ్స్ అంటే ఒక్క ఇన్నింగ్స్ మనిషి: ఏడో, ఎనిమిదో, తొమ్మిదో ఇన్నింగ్స్ కాపలాదారు. 40 ఆటల్లో 75 ఇన్నింగ్స్ అంటే లాంగ్ రిలీవర్. స్టార్టర్ మూడో ఇన్నింగ్స్‌కే చేతులెత్తేసిన రోజున మిగిలిన భారం మోసేది ఇతనే. 70 ఆటల్లో 42 ఇన్నింగ్స్ కనిపిస్తే దాదాపుగా ఎడమచేతి స్పెషలిస్ట్ అనుకోవచ్చు. ఒక ఎడమచేతి బ్యాటర్ కోసం వచ్చి, అతని పని చూసి వెళ్లిపోయేవాడు. కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ అర ఇన్నింగ్స్ ముగించాలి అనే నిబంధన 2020లో రావడంతో ఆ ఉద్యోగం దాదాపు పోయింది. కాబట్టి ఇలాంటి వరుస కనిపిస్తే ముందు సంవత్సరం చూడండి.

ఇన్నింగ్స్ గడిలో కొత్తవాళ్లను ముంచే చిన్న తిరకాసు ఒకటుంది. 71.2 అంటే 71 ఇన్నింగ్స్, మరో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు. అంటే 71⅔. క్రికెట్‌లో 7.2 ఓవర్లు రాసినట్టే. కాలిక్యులేటర్‌లో 71.2 అని కొడితే లెక్క తప్పుతుంది, 71.667 కొట్టాలి.

స్టార్ట్‌ల గడిలో తొలి ఏళ్లలో అంకెలుండి, తర్వాత సున్నాలు బారులు తీరితే ఆశ్చర్యపోనక్కర్లేదు. రిలీవర్లలో ఎక్కువమంది ఒకప్పటి స్టార్టర్లే. రెండు మంచి పిచ్‌లున్నా (బంతి వేసే రకాలు) మూడోది కుదరనివాణ్ని, అదే బ్యాటర్ రెండోసారి ఎదురైతే దొరికిపోయేవాణ్ని బుల్‌పెన్‌కు, అంటే రిలీవర్ల బృందంలోకి పంపుతారు. టాంపా బే జట్టు 2018లో ‘ఓపెనర్’ పద్ధతి మొదలుపెట్టాక మాత్రం ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసే రిలీవర్ పేరు పక్కన కూడా స్టార్ట్‌లు కనిపిస్తున్నాయి. స్టార్ట్‌లు ఆరు, ఇన్నింగ్స్ మొత్తం యాభై అని ఉంటే అతను స్టార్టర్ కాడు.

ఇక ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు. ఎర్న్‌డ్ పరుగులను (ఫీల్డర్ల తప్పు లేకుండా వచ్చినవి) తొమ్మిదితో గుణించి ఇన్నింగ్స్‌తో భాగిస్తే వస్తుంది. స్టార్టర్ల విషయంలో ఫర్వాలేదు గానీ రిలీవర్ల విషయంలో దీన్ని రెండు కారణాల వల్ల అనుమానంగా చూడాలి.

మొదటిది, ఇన్నింగ్స్ తక్కువ. 60 ఇన్నింగ్స్‌లో 16 పరుగులిచ్చినవాడి ఈఆర్ఏ 2.40. అతను ఒక్క రోజు ఒకే అవుట్ తీసి నాలుగు పరుగులిస్తే అది 2.98కి ఎగబాకుతుంది. అదే 2.40తో 180 ఇన్నింగ్స్ వేసిన స్టార్టర్‌కు అదే దెబ్బ తగిలితే 2.60 దగ్గరే ఆగుతుంది. ఒక్క రాత్రి రిలీవర్ ఏడాదిని మార్చేస్తుంది. అందుకే ఏడాది ఈఆర్ఏ కన్నా మూడేళ్లు కలిపి చూసిన ఈఆర్ఏ నమ్మదగినది.

రెండోది ఇంకా పెద్దది: వారసత్వంగా వచ్చిన రన్నర్లు, అంటే పాత పిచ్చర్ వెళ్లేసరికి బేస్‌ల మీద ఉన్న ప్రత్యర్థులు. మూడు బేస్‌లూ నిండి ఉండగా మన రిలీవర్ వచ్చాడనుకోండి. మొదటి బ్యాటర్ డబుల్ (తనను రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు, ముగ్గురూ హోమ్ ప్లేట్ చేరి పరుగులు తెచ్చారు. తర్వాత వరసగా ముగ్గుర్ని అవుట్ చేశాడు. ఆ మూడు పరుగులూ ఎవరి ఖాతాలోకి? రన్నర్లను వదిలి వెళ్లిన పాత పిచ్చర్ ఖాతాలోకి. మన రిలీవర్ పేరున ఒక ఇన్నింగ్స్, సున్నా పరుగులు. ఆట చేజారింది, ఈఆర్ఏ మాత్రం మెరుగుపడింది! దీన్ని పట్టుకోవాలంటే ‘ఇన్‌హెరిటెడ్ రన్నర్స్’, ‘ఇన్‌హెరిటెడ్ స్కోర్డ్’ గడులు పక్కపక్కన చూడాలి. మామూలుగా అలా దొరికిన రన్నర్లలో మూడో వంతుకు కాస్త అటూఇటూ స్కోర్ అవుతారు. సగం మంది స్కోర్ అయ్యారంటే ఈఆర్ఏ ఎంత అందంగా ఉన్నా నమ్మకండి.

ఈఆర్ఏకు బదులు ఒక్కటే చూడాలనుకుంటే స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) శాతంలోంచి వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా మొదటి బేస్ ఇవ్వడం) శాతం తీసేయండి. భాగించాల్సింది ఎదుర్కొన్న బ్యాటర్ల సంఖ్యతో, ఇన్నింగ్స్‌తో కాదు. 20 దాటితే మేలైన రిలీవర్. పదికి తక్కువైతే వెనకున్న ఫీల్డర్లు, అదృష్టం మోస్తున్నారని అర్థం. ఓక్లాండ్ రిలీవర్ డెనిస్ ఎకర్స్‌లీ 1990లో 73⅓ ఇన్నింగ్స్ వేసి 73 స్ట్రైకౌట్లు తీశాడు, ఇచ్చిన వాక్‌లు నాలుగే. ఆ ఏడాది ఈఆర్ఏ 0.61.

ఇప్పుడు సేవ్‌లు. 1969 నుంచి ఇవి అధికారిక లెక్క. తన జట్టు గెలిచిన ఆటను ముగించాలి, విన్ తన పేరున ఉండకూడదు, కనీసం ఒక అవుట్ తీయాలి. వీటికి తోడు మూడింట్లో ఒకటి కుదరాలి: మూడు పరుగులకు మించని ఆధిక్యంతో వచ్చి పూర్తి ఇన్నింగ్స్ వేయడం, స్కోరు సమం చేయగల ప్రత్యర్థి బేస్ మీదో, బ్యాటింగ్‌లోనో, ఆన్‌డెక్‌లోనో (తర్వాతి బ్యాటర్‌గా ఎదురుచూస్తూ) ఉండగా రావడం, మూడు ఇన్నింగ్స్ సమర్థంగా వేయడం. మూడు పరుగుల ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్స్‌కు వచ్చి రెండు పరుగులిచ్చినా సేవే. సమంగా ఉన్న ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముగ్గురినీ స్ట్రైకౌట్ చేస్తే ఈ గడిలో ఏమీ పడదు.

న్యూయార్క్ యాంకీస్ రిలీవర్ మరియానో రివెరా పట్టికలో మూడు వరుసలు చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1995: 19 ఆటలు, పది స్టార్ట్‌లు, ఈఆర్ఏ 5.51. 1996: 61 ఆటలు, స్టార్ట్‌లు లేవు, 107⅔ ఇన్నింగ్స్, 130 స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ 2.09, సేవ్‌లు ఐదు. 1997: 71⅔ ఇన్నింగ్స్, 43 సేవ్‌లు. ఐదు నుంచి 43కు ఎదిగాడనుకుంటే పొరపాటే. జట్టుకు ఎక్కువ బరువు మోసింది 1996లోనే. అప్పుడు తొమ్మిదో ఇన్నింగ్స్ అదే జట్టు రిలీవర్ జాన్ వెటిలాండ్‌ది. అతను వెళ్లిపోయాక కుర్చీ మారింది, అంతే. చివరికి 652 సేవ్‌లతో రికార్డు రివెరాదే.

బ్లోన్ సేవ్ (చేజార్చుకున్న సేవ్ అవకాశం) మరీ అన్యాయమైన గడి. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు ఆధిక్యం పోగొట్టుకున్నవాడికి కూడా ఇది పడుతుంది. కానీ అతను ఆధిక్యం నిలబెట్టి తర్వాతి పిచ్చర్‌కు అప్పగిస్తే దక్కేది సేవ్ కాదు, హోల్డ్. కాబట్టి రెండు సేవ్‌లు, ఆరు బ్లోన్ సేవ్‌లు ఉన్నవాణ్ని ‘ఎనిమిదిలో ఆరు చెడగొట్టాడు’ అనకండి. సేవ్‌లు, హోల్డ్‌లు కలిపి, వాటి పక్కన బ్లోన్ సేవ్‌లు పెట్టి చూడండి. విన్, లాస్ గడులు వదిలేయండి.

అంకెలు అయ్యాక ఖాళీలు. ఒక ఏడాది వరుసే లేకుండా పోయి, మరుసటి ఏడాది మైనర్ లీగ్‌లో (కింది స్థాయి పోటీల్లో) నాలుగైదు ఇన్నింగ్స్ కనిపిస్తే మొదట టామీ జాన్ ఆపరేషన్‌ను, అంటే తెగిన మోచేతి లిగమెంట్‌కు చేసేదాన్ని అనుమానించండి. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆ మైనర్ ఇన్నింగ్స్ రిహాబ్ (కోలుకునే సాధన) కోసం వేసినవి, దిగజారడం కాదు. తిరిగొచ్చిన తొలి ఏడాది వాక్‌లు పెరిగితే తొందరపడి కొట్టేయకండి. వేగం ముందొస్తుంది, అదుపు తర్వాత. అన్ని ఖాళీలూ మోచేతివి కావు. రివెరా 2012లో తొమ్మిది ఆటలే ఆడింది మోకాలి లిగమెంట్ తెగినందుకు. మరుసటి ఏడాది 44 సేవ్‌లు.

ఒకే ఏడాదిలో ట్రిపుల్-ఏకూ (మైనర్ లీగ్ పైమెట్టు) మేజర్స్‌కూ (అగ్రశ్రేణి మేజర్ లీగ్) మధ్య నాలుగైదుసార్లు తిరిగినట్టుంటే అతనికి ఆప్షన్లు మిగిలి ఉన్నాయన్నమాట. మామూలుగా మూడు సీజన్లు అలా వేవర్స్ లేకుండా, అంటే వేరే జట్టు తీసుకునే అవకాశం ఇవ్వకుండా కిందికి పంపొచ్చు. నిన్న రెండు ఇన్నింగ్స్ బాగా వేసినవాణ్నే, అలసిపోయాడని ఇవాళ కిందికి పంపి తాజా చేతిని పిలిపిస్తారు. ఆప్షన్లు అయిపోయినవాడి పట్టికలో ఆ రాకపోకలకు బదులు కొత్త జట్ల పేర్లు మొదలవుతాయి.

జీతం సంగతి సర్వీస్ టైమ్, అంటే మేజర్ లీగ్‌లో గడిపిన రోజుల లెక్క చెబుతుంది. 172 రోజులు ఒక ఏడాది. మామూలుగా మూడేళ్లకు ఆర్బిట్రేషన్ (జీతాన్ని మధ్యవర్తి తేల్చే హక్కు), ఆరేళ్లకు ఫ్రీ ఏజెన్సీ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ). ఇక్కడా ఆ చుక్క తిరకాసే: 5.150 అంటే ఐదేళ్ల నూటయాభై రోజులు. ఫ్రీ ఏజెంట్ కావడానికి ఇంకా 22 రోజులు తక్కువ, అంటే అదే జట్టు చేతిలో మరో సీజన్.