బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే: బ్రిటన్‌లో నియోనేటల్ కేర్ లీవ్‌కి దరఖాస్తు చేసే విధానం

కాన్పు కాగానే బిడ్డను చేతికివ్వకుండా నియోనేటల్ యూనిట్‌కి, అంటే ఎన్‌ఐసీయూ లాంటి పసికందుల ప్రత్యేక చికిత్స విభాగానికి తీసుకెళ్ళిపోతే, ఆ రోజు ఎవరికీ ఆఫీసు గుర్తుకు రాదు. రెండో రోజో మూడో రోజో మేనేజర్ నుంచి మెసేజ్ వస్తుంది, మళ్ళీ ఎప్పుడొస్తున్నారని. మన ఊళ్ళో అయితే ఈపాటికి అమ్మమ్మో నాయనమ్మో ఆస్పత్రి వరండాలో చాపేసుకుని కూర్చునేవారు. ఇక్కడ అమ్మకి వీసా వచ్చి ఆవిడ విమానం దిగేదాకా ఉన్నది భార్యాభర్తలిద్దరే. తండ్రికి ఉన్న రెండు వారాల పెటర్నిటీ లీవ్ ఆస్పత్రి చుట్టూ తిరగడంతోనే కరిగిపోతుంది. ఇంటికొచ్చిన పసివాణ్ణి ఎత్తుకోవడానికి ఒక్క రోజు కూడా మిగలదు.

ఈ ఇబ్బంది తీర్చడానికే 2023లో బ్రిటన్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. అది 2025 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో అమల్లోకి వచ్చింది. పేరు నియోనేటల్ కేర్ లీవ్. తల్లికీ తండ్రికీ ఎవరికి వారికి గరిష్ఠంగా 12 వారాల సెలవు దొరుకుతుంది. దీనికి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నింపాల్సిన ఫారమేమీ లేదు. మీరు అడగాల్సింది మీ యజమానినే. అందుకే చాలామంది ఇలాంటిదొకటి ఉందని తెలియకుండానే యాన్యువల్ లీవ్ మొత్తం వాడేసుకుంటున్నారు.

ఎవరికి వస్తుందంటే, ఉద్యోగి అయితే చాలు. చేరిన మొదటి రోజు నుంచే ఈ హక్కు ఉంటుంది. తల్లి, తండ్రి, తల్లితో కలిసి ఉంటున్న భాగస్వామి, దత్తత తీసుకున్నవారు, సరోగసీ ద్వారా బిడ్డను పొందినవారు అందరికీ వర్తిస్తుంది. సొంతంగా సెల్ఫ్ ఎంప్లాయ్డ్ పద్ధతిలో పని చేసుకునేవారికి మాత్రం లేదు. బిడ్డ 2025 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి.

అసలు తిరకాసంతా రోజుల లెక్కలో ఉంది. బిడ్డ పుట్టిన 28 రోజుల లోపు వైద్య సంరక్షణ మొదలవ్వాలి, అది తెగకుండా కనీసం 7 రోజులు సాగాలి. చేర్చిన రోజును ఈ ఏడింటిలో కలపరు, మర్నాటి నుంచి లెక్కపెడతారు. ఉదాహరణకి పాపను జూన్ 1న ఎన్‌ఐసీయూలో చేర్చారనుకోండి. లెక్క జూన్ 2న మొదలై 8వ తేదీతో మొదటి వారం పూర్తవుతుంది. సెలవు జూన్ 9 నుంచి పెట్టుకోవచ్చు, అంతకంటే ముందు కుదరదు. జూలై 7న డిశ్చార్జి చేస్తే అప్పటికి అయిదు నిండు వారాలు గడిచాయి కాబట్టి తల్లికి అయిదు వారాలు, తండ్రికి అయిదు వారాలు. కవలలిద్దరూ ఒకేసారి లోపల ఉన్నా అది రెట్టింపు కాదు.

మధ్యలో ఒక ఆస్పత్రి నుంచి పెద్ద యూనిట్ ఉన్న మరో ఆస్పత్రికి మార్చడం ఇక్కడ మామూలే. సంరక్షణ ఆగనంతవరకు లెక్క తెగదు. ఇంటికి పంపించాక కూడా కన్సల్టెంట్ (ఆస్పత్రి సీనియర్ డాక్టర్) పర్యవేక్షణలో, ఆస్పత్రి ఏర్పాటు చేసిన నర్సులు ఇంటికొచ్చి చూస్తుంటే ఆ రోజులూ లెక్కలోకి రావచ్చు. ఇది చాలామంది వదిలేసుకునే భాగం. డిశ్చార్జి రోజున అడిగి రాయించుకోండి. నెల దాటాక మొదటిసారి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే మాత్రం ఈ సెలవు వర్తించదు. ఫోన్ నోట్స్‌లో చేరిన తేదీ, మారిన తేదీ, వచ్చేసిన తేదీ రాసి పెట్టుకుంటే చాలు. ఆ టెన్షన్‌లో అవి గుర్తుండవు, తర్వాత అడిగేది సరిగ్గా అవే.

సెలవు వాడుకునే కాలాన్ని రెండుగా విడదీశారు. బిడ్డకు ఈ సంరక్షణ అందుతున్నన్నాళ్ళూ, అది ముగిశాక మరో వారం దాకా టైర్ 1. మన ఉదాహరణలో అయితే జూలై 14 వరకు అన్నమాట. ఈ కాలంలో ముందస్తు నోటీసు అక్కర్లేదు. ఆ రోజు డ్యూటీ మొదలయ్యే లోపు మేనేజర్‌కి ఒక ఫోనో మెసేజో చేస్తే సరిపోతుంది, అదీ వీలుకాకపోతే వీలైనంత త్వరగా. వారం చొప్పున విడివిడిగా కూడా పెట్టుకోవచ్చు. ఆ తర్వాతిదంతా టైర్ 2. అప్పుడు రాతపూర్వకంగా చెప్పాలి. ఒక్క వారానికైతే 15 రోజుల ముందు, రెండు వారాలూ అంతకు మించితే 28 రోజుల ముందు. మధ్యలో ఆపి మళ్ళీ పెట్టడానికి లేదు, మొత్తం ఏకబిగిన తీసుకోవాలి. ఏదైనా సరే బిడ్డ పుట్టిన 68 వారాల లోపు వాడేయాలి.

తల్లుల విషయంలో ఒక చిక్కుంది. నెలలు నిండకుండా కాన్పయితే మర్నాటి నుంచే మెటర్నిటీ లీవ్ దానంతటదే మొదలైపోతుంది. దాన్ని ఆపి ఇది పెట్టి, మళ్ళీ అది కొనసాగించడం కుదరదు. కాబట్టి తల్లి తన నియోనేటల్ వారాలను మెటర్నిటీ లీవ్ చివర కలుపుకోవాలి, అంటే ఆవిడది దాదాపు ఎప్పుడూ టైర్ 2యే. మెటర్నిటీ లీవ్ 52 వారాలు ఉన్నా చట్టబద్ధమైన జీతం వచ్చేది 39 వారాలకే. చివరి 13 వారాలు జీతం లేకుండా గడపలేనివాళ్ళు 39తో మెటర్నిటీ ముగించి, వెంటనే జీతంతో కూడిన నియోనేటల్ వారాలు తీసుకోవచ్చు. ముందుగా వచ్చేస్తున్నట్టు 8 వారాల నోటీసు ఇవ్వాలని మాత్రం మర్చిపోకండి. ఇద్దరి జీతాల మీద ఇంటద్దె నడిచే కుటుంబాలకు నేనైతే ఈ దారే చెబుతాను. తండ్రి ముందే బుక్ చేసుకున్న పెటర్నిటీ లీవ్ ఈ సెలవు మధ్యలో వస్తే, ఇది కాస్త ఆగి అది పూర్తయ్యాక మళ్ళీ సాగుతుంది.

మెయిల్‌లో ఏం రాయాలి? మీ పేరు, బిడ్డ పుట్టిన తేదీ, సంరక్షణ మొదలైన తేదీ, ముగిసి ఉంటే ఆ తేదీ, సెలవు ఏ రోజు నుంచి, ఎన్ని వారాలు. బిడ్డను చూసుకోవడానికే ఈ సెలవు అని ఒక వాక్యం, బిడ్డకు మీరేమవుతారో ఒక వాక్యం. అంతే. నాకు తెలిసిన ఒకాయన్ని వాళ్ళ హెచ్‌ఆర్ ఆస్పత్రి నుంచి లెటర్ తెస్తేగానీ సెలవు ఇవ్వమని రెండు వారాలు తిప్పించుకుంది. కన్నవారి విషయంలో చట్టం డాక్టర్ సర్టిఫికెట్ అడగదు, మీరు రాసిచ్చే మాటే చాలు. సెలవు ఫోన్‌లో చెప్పినా జీతం కోసం మాత్రం రాసి ఇవ్వాలి. టైర్ 1లో సెలవు మొదలైన 28 రోజుల లోపు ఇస్తే సరిపోతుంది. రెండూ ఒకే మెయిల్‌లో పెట్టేస్తే గొడవ ఉండదు.

జీతానికి షరతులు కాస్త గట్టివి. ఒకే యజమాని దగ్గర కనీసం 26 వారాల సర్వీసు ఉండాలి. అది కాన్పు తేదీకి చాలా వారాల ముందు నాటికే పూర్తయి ఉండాలి కాబట్టి, కొత్తగా ఉద్యోగం మారినవారికి సెలవు దొరికినా డబ్బు రాకపోవచ్చు. 2025-26 లెక్క ప్రకారం వారానికి సగటున 125 పౌండ్లు సంపాదిస్తుండాల్సి వచ్చేది. ఆ ఏడాది ఇచ్చింది వారానికి 187.18 పౌండ్లు లేదా సగటు సంపాదనలో 90 శాతం, ఏది తక్కువైతే అది. ఏటా ఏప్రిల్‌లో ఈ అంకెలు మారతాయి. లండన్ అద్దెలతో చూస్తే ఇది ఏమూలకీ రాదు, నిజమే. కొన్ని సంస్థలు తమంతట తాము ఎక్కువ ఇస్తాయి కనుక స్టాఫ్ హ్యాండ్‌బుక్ ఒకసారి తిరగేయండి. స్కాట్లండ్‌లో ఉన్నవారికి యంగ్ పేషెంట్స్ ఫ్యామిలీ ఫండ్ అని వేరే ఉంది. ఆస్పత్రికి వెళ్ళిరావడానికీ తిండికీ అయ్యే ఖర్చులు అందులో అడగొచ్చు. యూనిట్‌లో నర్సును కనుక్కుంటే వివరాలు చెబుతారు.

రాయడానికే చేయి రాని మాట ఒకటి. ఒకవేళ బిడ్డ దక్కకపోతే అప్పటికి జమ అయిన వారాలు పోవు, వాటిని తీసుకోవచ్చు. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకు ఉన్న రెండు వారాల సెలవు దానికి అదనం.

చిన్న షాపుల్లో, రెస్టారెంట్లలో పని చేసేవారికి యజమాని "మేమెక్కడ భరించగలం" అనవచ్చు. ఆయనకి ఒక సంగతి చెప్పండి. చట్టప్రకారం ఇచ్చిన మొత్తంలో కనీసం 92 శాతం ప్రభుత్వం నుంచి వెనక్కి రాబట్టుకోవచ్చు, చిన్న సంస్థలైతే అంతా తిరిగొస్తుంది. ఈ సెలవు అడిగారని తీసేయడం, వేధించడం చట్టవిరుద్ధం. అయినా మాట వినకపోతే ఉద్యోగ వివాదాల్లో సలహా ఇచ్చే ఎకాస్ (Acas) హెల్ప్‌లైన్ 0300 123 1100కి ఫోన్ చేసి ఉచితంగా సలహా తీసుకోవచ్చు. గొడవ జీతం గురించే అయితే హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ)లో చట్టబద్ధ చెల్లింపుల వివాదాలు చూసే విభాగానికి రాయాలి. అప్పుడు జతచేయాల్సింది మొదట్లో పంపిన ఆ మెయిలే.