నెమళ్ళు, అడవికోళ్ళు తోటలోకొస్తుంటే మన కోళ్ళను చూసుకోవడం ఎలా

మా ఆనందపురం వైపు కొండవార జీడితోటల్లో కోళ్ళు పెంచేవాళ్ళ వాకిట్లోకి పొద్దున్నే నెమళ్ళు దిగుతాయి. తుప్పల్లోంచి అడవికోళ్ళూ వస్తాయి. వాటిని తరమక్కర్లేదు, మేపనూ కూడదు. మన కోళ్ళ మేత, నీళ్ళు, నేల వాటితో కలవకుండా చూసుకోవాలి, అంతే.

గింజలు వాకిట్లో వెదజల్లడం మానండి. నెమలిని రప్పించేది అవే. చోళ్ళయినా (రాగులు) గంటెలయినా (సజ్జలు) నూకలయినా పాక లోపల తొట్టెలో, అప్పటికప్పుడు తినేసేంతే పెట్టి, రాలినవి ఊడ్చేయండి. నీళ్ళ చట్టి ఇటుకల మీద పెట్టి రోజూ మార్చండి. నేను తెల్లారగానే కోళ్ళను వదలను. ఎండెక్కి అడవి పిట్టలు నీడకు పోయాకే వదులుతాను, పొద్దు వాలకముందే మూసేస్తాను.

టర్కీలున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తపడాలి. పేగులకూ కాలేయానికీ పట్టే బ్లాక్‌హెడ్ అనే జబ్బును మోసేది కోళ్ళ పేగుల్లో ఉండే సన్నటి పురుగు. దాని గుడ్లు రెట్టతో నేలలో పడి ఏళ్ళ తరబడి బతుకుతాయి, వానపాముల ఒంట్లోనూ ఉంటాయి. నాటుకోడి చాలాసార్లు పైకి ఏమీ కనబడకుండానే ఆ జబ్బును మోస్తుంది. టర్కీ పిల్లలు మాత్రం తట్టుకోలేవు. నెమలికీ సోకుతుంది, అంటే మన కోళ్ళ రెట్ట వల్ల దానికీ ముప్పే. ఈ మాట ఎవరూ చెప్పరు, నాకు బాధనిపించేది అదే. కోళ్ళు తిరిగిన నేల మీద టర్కీ పిల్లల్ని వదలొద్దు. ఎత్తుగా, ఇనుప వల అడుగున్న గూట్లో పెంచండి. గంధకం రంగులో పసుప్పచ్చగా రెట్ట వేసినా, రెక్కలు వేలాడేసి మూల నిలబడినా ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కొక్కెర తెగులుకు (రాణిఖెత్) కోడిపిల్లలకు మొదటి వారంలోనే కంట్లో లసోటా టీకా చుక్క వేయించాలి, తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో ఆర్‌టూబీ టీకా సూది. మందు ఐసులో పెట్టి తేకపోతే పనిచేయదు.

అడవిపుంజు మన పెట్టల్ని తొక్కుతుంది. ఆ పిల్లలు బెదురుగా ఉంటాయి, రాత్రి గూటికి రాకుండా చెట్లెక్కుతాయి. అడవిలోనూ అసలైన అడవికోడి జాతి కల్తీ అయిపోతుంది. అడవిపుంజును పోల్చుకోవడం తేలికే: బూడిదరంగు కాళ్ళు, తోక మొదట్లో తెల్లటి కుచ్చు, చివర తెగినట్టు ఆగిపోయే కూత. దాని పెట్టకు జుట్టు దాదాపు ఉండదు. మందలో మంచి పుంజును ఉంచి, పెట్టలను తుప్పల వైపు పోనివ్వకండి.

వానాకాలంలో తుప్పల కింద నెమలి గుడ్లు కనబడితే తెచ్చి పొదుగుకోడి కింద పెట్టేవాళ్ళున్నారు. వద్దు. 1963 నుంచి నెమలి జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టినా గుడ్లు తీసినా నేరం. కలుపు తీసే కూలీలకు ఆ చోటు చూపించి, గుడ్లు పగిలి పిల్లలు వచ్చేదాకా అటు కొడవలి పెట్టొద్దని చెప్పండి. చచ్చిన నెమలి కనబడితే చేత్తో ముట్టుకోకుండా, కుక్కలు లాగకుండా కాపలా ఉంచి, అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేయండి.