కెమెరా దృశ్యం ఆలస్యంగా వస్తుంటే నేను చేసింది

గేటు దగ్గర గంట మోగేది. ఫోనులో చూస్తే గేటు ముందు ఎవరూ ఉండరు. వచ్చిన మనిషి ఎనిమిది సెకన్ల తర్వాత తెర మీద కనిపించేవాడు. అమ్మ ఒంటరిగా ఉండే ఇంట్లో ఆ ఎనిమిది సెకన్లు చిన్న విషయం కాదు.

ముందు ఇంటర్నెట్ వేగం పెంచుకున్నాను. డబ్బు వృథా అయింది. పెరిగింది డౌన్‌లోడ్ వేగం. కెమెరాకు కావలసింది అప్‌లోడ్. నాలుగు కెమెరాలూ ఒక్కొక్కటి సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రోజంతా క్లౌడ్‌కు పంపుతున్నాయి, అంటే 16. నా అప్‌లోడ్ 10 మాత్రమే! ఈ కూడిక మొదటి రోజే వేసుకోవలసింది.

ఒక్కో కెమెరా బిట్‌రేటును, అంటే సెకనుకు పంపే డేటాను, 2 మెగాబిట్లకు, ఫ్రేములను సెకనుకు 25 నుంచి 15కు తగ్గించాను. ముఖాలు ఇప్పటికీ స్పష్టంగానే తెలుస్తున్నాయి. కీఫ్రేమ్, అంటే బొమ్మ మొత్తం ఉండే ఫ్రేము, సెకనుకొకటి వచ్చేలా మార్చాక యాప్ తెరవగానే బొమ్మ వస్తోంది. అంతకుముందు అది 4 సెకన్లకొకసారి వచ్చేది, అందాకా తెర నల్లగా ఉండేది.

అయినా గేటు కెమెరా ఒక్కటి ఆగి ఆగి నడిచేది. దాన్ని విప్పి రౌటర్ పక్కన పెడితే చక్కగా పనిచేసింది. లోపం కెమెరాలో లేదు, మధ్యలోని రెండు గోడల్లో ఉంది. పైగా రౌటర్ వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో 3వ ఛానెల్‌పై ఉండి, పక్కిళ్ల వైఫైలు వాడే 1, 6 ఛానెళ్లతో ఢీకొంటోంది. 11కు మార్చాను, కొంత మెరుగైంది. చివరికి గేటు దాకా నెట్‌వర్క్ కేబుల్ లాగాను. శ్రమ అనిపించినా అన్నిటికంటే గట్టి పరిష్కారం అదే.

ఇప్పుడు గంట మోగిన సెకనులోపే అమ్మకు మనిషి కనిపిస్తున్నాడు.