వీడర్ తాడు లాగే ముందు

రోహిణి కార్తె ఎండలు మండుతుండగానే కొట్టంలో ఏళ్ల తరబడి మూలన పడున్న పవర్ వీడర్, అదే కలుపు తీసే యంత్రం, గుర్తొస్తుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే కూలీలు దొరకరు, కలుపు మన కోసం ఆగదు. దుమ్ము దులిపి, లీటరు పెట్రోల్ పోసి, తాడు పట్టుకుని లాగేస్తాం. నేనూ అదే చేశాను. చెయ్యి పడిపోయేదాకా లాగితే స్టార్టయింది, కాసేపు తిరిగింది, పట్టేసింది. సీలు ఎండిపోయి ఇంజిన్ ఆయిల్ ఎప్పుడో నేలపాలైందని తర్వాత తెలిసింది. పిస్టన్, రింగులు, బోరు పని, అన్నీ కలిపి ఆ సీజన్ మొత్తం పోయింది. అందుకే ఇప్పుడు నా దగ్గర తాడు లాగడం చివరి పని.

ముందు బండిని ఆరుబయట చెట్టు నీడకి తెచ్చుకోండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకి దూరంగా ఉన్న నిప్పుని కూడా అందుకుంటుంది. మూసిన కొట్టంలో ఇంజిన్ తిప్పితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి పడిపోయాకే తెలుస్తుంది. చెయ్యి పెట్టే ముందు కర్రతో నాలుగు వైపులా తట్టండి. తేళ్లూ పాములూ ఇలాంటి చోటే చేరతాయి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కట్టి ఉండొచ్చు. ఫ్యాన్ కవర్ కింద ఎలుకలు గడ్డి పేర్చాయేమో తప్పకుండా విప్పి చూడాలి. ఈ ఇంజిన్ చల్లబడేది గాలితోనే, ఆ దారి మూసుకుపోతే వేడెక్కి గడ్డి అంటుకుంటుంది కూడా.

స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకాకే బ్లేళ్ల మీద చెయ్యి వెయ్యండి. నాలుగేళ్లుగా కదలని ఇంజిన్ ఇప్పుడేం కదులుతుందిలే అనుకోవద్దు.

ఇక పెట్రోల్. పాతది కొంచెమున్నా వాడొద్దు. కొన్ని నెలలు దాటితే అది చెడిపోయి వార్నిష్ లాంటి జిగురుగా మారుతుంది, వాసన చూస్తేనే తేడా తెలిసిపోతుంది. పైగా ఈమధ్య బంకుల్లో పోస్తున్న పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకి దిగి తుప్పు పట్టిస్తాయి. పాత రబ్బరు పైపుల్నీ ఇథనాల్ పాడు చేస్తుంది. పైపుని వంచి చూడండి, బీటలు కనబడితే కొత్తది వెయ్యండి, పెద్ద ఖర్చేం కాదు.

ట్యాంకు ఖాళీ చెయ్యడానికి పైపు నోట్లో పెట్టి పీల్చే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానెయ్యండి. గుక్కెడు పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తీసిన పెట్రోల్‌ని కాలవలోనో బావి పక్కనో పారబొయ్యకుండా, మూత ఉన్న డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డులో అప్పజెప్పండి.

పెట్రోల్‌ని గాలితో కలిపేది కార్బొరేటర్, దాని కింది గిన్నె, అంటే బౌల్, విప్పితే సగం సమస్య కళ్లముందే కనిపిస్తుంది. జిగురు, తుప్పు, ఒక్కోసారి తెల్లటి పొడి. పెట్రోల్ వెళ్లే సన్నటి జెట్ రంధ్రంలో సూదో పిన్నీసో పొడిస్తే అది పెద్దదైపోయి ఇంజిన్ పెట్రోల్ తాగడం మొదలెడుతుంది. క్లీనర్ స్ప్రే కొట్టండి, మరీ మొండిగా ఉంటే కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు చాలు.

ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్నే తాడుని మెల్లగా, ఊరికే కదిలించినట్టు లాగండి. కదలకపోతే బలం చూపించొద్దు, మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగండి. ఇలా తిప్పేటప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి తుంపర్లు ఎగజిమ్ముతాయి, ప్లగ్ వైరు దానికి దూరంగా ఉండాలి, మన మొహం కూడా.

నాలుగు స్ట్రోకుల ఇంజినైతే పాత ఆయిల్ తీసేసి కొత్తది కొలపుల్ల గీత దాకా పోయాలి. పాత ఆయిల్ పాలలా తెల్లగా ఉందంటే నీళ్లు చేరినట్టే. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ తగ్గితే ప్లగ్‌కి కరెంటు ఆపేసే సెన్సార్ ఉంటుంది, అది తెలియక ఆ కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందని కొత్తది కొనేస్తుంటారు. రెండు స్ట్రోకులదైతే ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలపాలి. ఎంత కలపాలో బండి మీద స్టిక్కర్ చూసి కొలవండి, పక్కింటాయన మాట మీద కాదు. ఉత్త పెట్రోల్‌తో తిప్పితే పిస్టన్ పట్టేస్తుంది. గేరు బాక్సు ఆయిల్ వేరే, దాన్ని చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు ప్లగ్ బిగించి క్యాప్ పెట్టండి. బ్లేళ్లు తిరగకుండా క్లచ్ విడిపోయి ఉందో లేదో, ఆపే స్విచ్ ఎక్కడుందో ముందే చూసుకోండి. పిల్లల్ని దూరం పంపెయ్యండి. తాడుని చేతికి చుట్టుకోవద్దు, ఇంజిన్ వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. స్టార్ట్ కాలేదని కార్బొరేటర్ నోట్లో పెట్రోల్ పొయ్యడం చాలామంది చేసే పనే, మంట మొహం మీదికి లేచేది కూడా అక్కడే. ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగు ముట్టుకోవద్దు.

స్టార్టయ్యాక అయిదు నిమిషాలు లోడు లేకుండా తిప్పి, ఆపి, ఎక్కడైనా కారుతోందేమో చూడండి. వేడి మీద పెట్రోల్ పొయ్యొద్దు. మొదటి రోజు అరెకరం చాలు. సాయంత్రం ట్యాంకు కింద పెట్రోల్ ఆపే కాక్ మూసేసి, ఇంజిన్ తనంతట తనే ఆగేదాకా వదిలెయ్యండి. అప్పుడు బౌల్‌లో జిగురు కట్టడానికి పెట్రోల్ మిగలదు.